ఆ సినిమాలో ఒక్క తడి తువ్వాలూ లేదు

ముందే చెప్పేస్తున్నాను, నా రాతలో తప్పులుంటాయి. యాభై ఏడో ఏట పలక పట్టినదాన్ని. ‘ల’కీ ‘ళ’కీ ఇప్పటికీ తడబడతాను, వత్తు ఎక్కడ తగిలించాలో ఆలోచిస్తూ కూర్చుంటే చెప్పాలనుకున్న మాట చల్లారిపోతుంది. పేజీకి ఒక పూట పడుతుంది నాకు. ఇది రాయడానికి పదకొండు రోజులు పట్టింది, రాసిందేమో గంట సంగతి. సినిమా హాల్లో కూర్చున్న గంట, ఆ తర్వాత మరికాస్త. అందులో నా బుర్ర ఎటు పోతే నేనూ అటే పోయాను. వరస పెట్టి రాద్దామని రెండుసార్లు చూశాను, వరస పెడితే అబద్ధంలా కనిపించింది. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఇంటర్వెల్ అయిపోయి లైట్లు ఆరిపోయాయి, వెనక వరసలో ఎవడో ఈల వేశాడు, నా పక్కన మా మనవరాలు చిట్టి ఒళ్ళో పాప్‌కార్న్ పొట్లం పెట్టుకుని తెర వైపు మెడ చాచింది, నేను మాత్రం రెండు నిమిషాల కిందట అది అన్న మాట దగ్గరే ఆగిపోయాను. చిట్టి మా అమ్మాయి కూతురు. పద్నాలుగేళ్ళు. ఇక్కడికి మూడు గంటల దూరంలో ఉన్న ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో తొమ్మిది చదువుతోంది. నాలుగు రోజుల సెలవలకి వచ్చింది, ఇవాళ సాయంత్రం ఆరింటి బస్సుకి వెళ్ళిపోవాలి. వాళ్ళమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ, అందుకని సినిమాకి తోడూ నేనే, బస్సెక్కించేదీ నేనే. ఇంటర్వెల్లో కూల్‌డ్రింకు తాగుతూ, కాళ్ళు ఊపుకుంటూ, ఏదో వాన గురించి చెప్పినట్టు చెప్పింది.

“మా సారు కూడా అచ్చం ఇలాగే మాట్లాడతారు అమ్మమ్మా.”

“ఏ సారే?”

“కొత్తగా వచ్చార్లే. నాటకాలు నేర్పిస్తారు. ఈ సినిమా చూడమన్నది కూడా ఆయనే.”

“క్లాసు మొత్తానికి చెప్పాడా?”

“అందరికీ ఎందుకు చెప్తారు? నాకే చెప్పారు. చూసొచ్చి ఎలా ఉందో నాకొక్కడికే చెప్పు అన్నారు.” బహుమతి వచ్చిన సంగతి చెప్పినట్టు ఉంది గొంతు. అంతలోనే నా మొహం చూసింది. “అమ్మతో అనకు. ఊరికే రాద్ధాంతం చేస్తుంది.”

చేతి గడియారం చీకట్లో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాను, నాలుగూ ఇరవై. బస్టాండుకి నడక పావుగంట. అంటే ఈ సినిమా అయ్యేలోపు ఏదో ఒకటి చెప్పాలి దీనికి, ఏం చెప్పాలో తెలియదు, ఎలా చెప్పాలో అసలు తెలియదు, కఠినంగా చెబితే నోరు మూసుకుంటుంది, మూసుకున్న నోటితో బస్సెక్కిపోతుంది, మళ్ళీ మూడు నెలలకి గానీ రాదు. మెత్తగా చెబితే నవ్వుతుంది. తెర మీద అప్పుడే పాట మొదలైంది. ఎర్ర ఇటుకల బడి, గేటు మీద పూల తీగ, వంద మంది ఆడపిల్లలు ఒకే కొలత గౌన్లలో వరండాలో పరుగెడుతున్నారు, వాళ్ళలో కథానాయికకి ముప్ఫై ఏళ్ళుంటాయి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టి పదహారని చెబుతున్నారు. ఆ అమ్మాయి ముఖాన చెమట లేదు. పడక గది చూపించారు, నలభై మంచాలు, నలభైకీ తెల్లటి దుప్పట్లు, ఒక్క ముడత లేదు, ఒక్క మంచం కోడు మీదా తడి తువ్వాలు ఆరేసి లేదు. నలభై మంది ఆడపిల్లలున్న గదిలో తడి తువ్వాలు లేకపోవడం ఏమిటి? నేను ఇరవై రెండేళ్ళు అలాంటి బడిలో లాండ్రీ గదిలో పనిచేశాను. ఆ గదులు ఎలా ఉంటాయో నన్నడగాలి. తల నూనె, తడిసిన మేజోళ్ళు, తలగడ కింద దాచుకుని మర్చిపోయిన బిస్కెట్లు, వాటికి పట్టిన చీమలు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెలంతా పక్కలు తడిపేవాళ్ళు, పదేళ్ళ పిల్లలు, పన్నెండేళ్ళ పిల్లలు కూడా, తెల్లారకముందే దుప్పటి ఉండలా చుట్టుకుని వచ్చి నా తలుపు దగ్గర తల వంచుకుని నిలబడేవాళ్ళు, నేను మాట్లాడకుండా అందుకుని వేరేది ఇచ్చేదాన్ని. ఏడ్చి ఏడ్చి తలగడ గలీబులు ఒకవైపే రంగు వెలిసిపోయేవి. ఇదీ బోర్డింగ్ స్కూలంటే. ప్రేమకి తగ్గ చోటు అది ఎవడికి అనిపిస్తుందో, ఎందుకనిపిస్తుందో నాకు బాగా తెలుసు. చుట్టూ గోడ, లోపల ఇంటికి దూరమైన పిల్లలు, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగే పిల్లలు. అందుకే తీస్తారు సినిమాలు అక్కడ. కంచె ఉంటే చేను మేయడం తేలిక, కంచే మేస్తుంటే మరీ తేలిక.

తెర మీది కొత్త సారు స్కూటరు మీద వచ్చాడు. గాలికి జుట్టు ఎగురుతోంది. హాల్లో చప్పట్లు. పిల్ల తలుపు చాటున దాక్కుని చూస్తోంది, ఆ సారు చూడనట్టే చూశాడు, నా ముందు వరసలో కూర్చున్న లావుపాటావిడ “అబ్బ, ఎంత బావున్నాడో” అని పక్కావిడ మోచేతి మీద పొడిచింది. పొడుచుకోండి. నా నోట్లో చేదుగా ఉంది, సబ్బు నురగ పొరపాటున మింగినప్పుడు ఉండే చేదు, ఎంత ఉమ్మినా పోదు. నేను పనిచేసిన బడిలో లెక్కల మాస్టారు స్కూటరు మీద రాలేదు. గొడుగేసుకుని నడిచి వచ్చాడు. చొక్కాలు తెల్లవి, కాలరు లోపల నీలం దారంతో గుర్తు కుట్టేవాళ్ళం, మాస్టార్లవన్నీ నీలం దారం, పిల్లలవన్నీ ఎర్ర దారంతో నంబరు. అక్షరం ముక్క రాకపోయినా నాకు అంకెలు వచ్చు, గడియారం చూసీ క్యాలెండరు చూసీ నేర్చుకున్నవి. ఆ అంకెల మీదే ఇరవై రెండేళ్ళు నడిపాను. నాకు పిల్లల పేర్లు తెలిసేవి కావు, పన్నెండు అంటే మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ మట్టి, అరవై మూడు అంటే జేబు నిండా పెన్సిలు చెక్కులు, నలభై ఏడు అంటే

నలభై ఏడు. వద్దనుకుంటే వస్తుంది ఆ అంకె. బస్సు నంబరు నలభై ఏడైతే తర్వాతి బస్సు కోసం ఆగుతాను ఇప్పటికీ.

లాండ్రీలో ఒక పద్ధతుండేది. ఉతికి ఇస్త్రీ చేసి ఎవరి బట్టలు వాళ్ళ మూట కట్టేవాళ్ళం. బొత్తాం ఊడినా కుట్టు విడినా మ్యాట్రనమ్మ చిన్న చీటీ రాసేది, పైన నంబరు, కింద ఏం బాగు చెయ్యాలో. కుట్టుపనామె చూసుకున్నాక చీటీ మళ్ళీ నా దగ్గరికి వచ్చేది, నంబరు చూసి ఆ మూటలో పైన పెట్టేదాన్ని, పిల్లకి తన బట్టకి ఏం చేశారో తెలియాలని. నంబరున్న కాగితం ఆ నంబరు మూటలోకి పోవాలి, అంతే. ఒక మధ్యాహ్నం ఆ లెక్కల మాస్టారు చొక్కా కోసం తనే వచ్చాడు. ఆవిరిలో నిలబడి ఎంతో మర్యాదగా అడిగాడు, ఈ చీటీలేమిటి ఆయమ్మా అని. నేను వివరంగా చెప్పాను. చదవడం రాదు సార్, పైన అంకె చూసుకుని పెట్టేస్తాను, ఇన్నేళ్ళలో ఒక్కటి తారుమారు కాలేదు అని గొప్పగా కూడా చెప్పాను. “ఎంత తెలివైనదానివి ఆయమ్మా,” అన్నాడు. ఆ మాటకి నేను ఆ రోజంతా పొంగిపోయాను. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను కూడా, చదువుకున్నాయన నన్ను తెలివైనదానివన్నాడయ్యా అని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా ఒళ్ళు నేనే సబ్బేసి తోముకోవాలనిపిస్తుంది.

ఆ వారం నుంచే ఆయన చొక్కా జేబులో చీటీ దొరకడం మొదలైంది. పైన నలభై ఏడు. మ్యాట్రనమ్మ చీటీ దారితప్పి ఇందులో పడిందనుకున్నాను. తడవకుండా తీసి, సాపు చేసి, నలభై ఏడో మూటలో పెట్టాను. మళ్ళీ వారం మళ్ళీ దొరికింది. ఈ పిల్ల బట్టలెప్పుడూ చిరుగుతూనే ఉంటాయేమిటో అనుకున్నాను. అంతే అనుకున్నాను. జూన్ నుంచి జనవరి దాకా.

హాలంతా గొల్లున నవ్వింది. ఏమిటా అని చూస్తే తెర మీదకి ఆయా వచ్చింది. ఉంటుంది కదా ఇలాంటి సినిమాలో ఆయా. బారెడు నడుము, దానికి తాళాల గుత్తి, నడుస్తుంటే డోలు వాయిస్తారు వెనకాల. ఆ సారు ఆమె చేతికి చీటీ ఇచ్చి చాక్లెట్ ఇచ్చాడు, ఆమె చీటీని తలకిందులుగా పట్టుకుని కళ్ళు చికిలించి చదువుతున్నట్టు నటించి, అర్థమైందన్నట్టు కన్ను కొట్టింది. జనం నవ్వు ఆగడం లేదు. చిట్టి కూడా పకపకా నవ్వింది, నవ్వుతూనే నేనూ ఆయానేనని గుర్తొచ్చింది కాబోలు, నా వైపు చూసి నాలిక కరుచుకుంది. నా మోచెయ్యి పట్టుకుని “సారీ అమ్మమ్మా” అంది చెవిలో. మంచి పిల్ల. దీనికి మనసు నొప్పించడం రాదు, అదే నా భయం, మనసు నొప్పించడం రాని పిల్లల్నే వెతుక్కుంటారు వాళ్ళు. పాప్‌కార్న్ నా చేతిలో పోసింది. నవ్వు ఆగిపోయినా నా కళ్ళ ముందు ఆ ఆయా అలాగే ఉంది. కన్ను కొట్టింది. ఆమెకి తెలుసన్నమాట. సినిమా తీసినవాళ్ళకి ఆమె తెలిసి మోస్తేనే హాయిగా ఉంటుంది, ముచ్చటగా ఉంటుంది, ఏమీ తెలియని ఆడది రెండు చేతులా మోసిందంటే నవ్వు రాదు కదా.

నలభై ఏడుకి పదిహేనేళ్ళు. పొట్టిగా, బక్కగా ఉండేది, చొక్కా ఎడమ చేతి అంచు ఎప్పుడూ నమిలేసి ఉండేది, ఉతికినప్పుడల్లా చూసేదాన్ని, దారాలు లేచిపోయి. అక్టోబరు దాటాక రెండు చేతుల అంచులూ నమలడం మొదలుపెట్టింది. చలికాలం కదా అనుకున్నాను. చలికి అంచులు నములుతారా ఎవరైనా? నాకు బట్టలు చదవడం వచ్చని గర్వం, ఏ పిల్ల ఎక్కడ పడిందో, ఏ పిల్ల ఏడ్చిందో, ఎవరు పెద్దమనిషైందో అందరికన్నా ముందు నాకే తెలుస్తుందని గర్వం. అదొక్కటి చదవలేకపోయాను. జనవరిలో ఎవరో ఆ పిల్ల పరుపు కింద చీటీలు చూశారు. పెద్ద మేడమ్ గదిలో తలుపులేసి మాట్లాడారు. మాస్టారు ఆ పిల్లే తన వెంట పడిందన్నాడట, చిన్నపిల్ల కదా అని ఓపిక పట్టానన్నాడట. పిల్ల పేరు కొట్టేశారు. వాళ్ళ నాన్న వచ్చాడు, మూట తీసుకోవడానికి లాండ్రీ దాకా వచ్చి, లోపలికి రాకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పిల్ల ఒక్కతే వచ్చింది. నాకేమీ తెలియదు అప్పటికి.

“ఏమ్మా, సెలవలకి ముందే ఎగరేసుకుపోతున్నారా నిన్ను?” అన్నాను నవ్వుతూ. నవ్వుతూ అన్నాను.

ఆ పిల్ల నన్ను చాలాసేపు చూసింది. “నువ్వే తెచ్చి పెడుతుంటే, ఇందులో తప్పేం లేదేమో అనుకున్నాను ఆయమ్మా,” అంది.

వెళ్ళిపోయింది. నాకు అర్థం కాలేదు. ఇస్త్రీ చేసే తాతని అడిగాను, ఏమిటా పిల్ల అలా అంది అని. ఆయన పెట్టె మీద నీళ్ళు చిలకరించి, అది చుయ్యిమన్నాక చెప్పాడు. “ఇంకా తెలీదా అమ్మా నీకు? ఇన్నాళ్ళూ టపా మోసింది నువ్వే కదా. పోస్టుమాను యూనిఫాం కూడా అడగాల్సింది.” నవ్వాడు. చెడ్డవాడు కాడు, నవ్వడం తప్ప వేరే దారి తెలియనివాడు. నేను గంగాళం అంచు పట్టుకుని నిలబడ్డాను, నీళ్ళలో నీలిమందు తిరుగుతోంది, గుండ్రంగా, గుండ్రంగా. ఇంటికెళ్ళి మా ఆయనతో చెబితే “నీకెందుకే, నోరు మూసుకో. నువ్వే పెట్టావని తెలిస్తే ఉద్యోగం పోతుంది” అన్నాడు. మూసుకున్నాను. ఆ మాస్టారు ఏడాది చివరి దాకా ఉండి, మంచివాడని కాగితం రాయించుకుని పోయాడు. అందాకా ఆయన చొక్కాలు నేనే ఉతికాను. గంజి పెట్టాను. గంజి తక్కువైందని ఒకసారి వెనక్కి పంపితే మళ్ళీ పెట్టాను.

ఆ ఎండాకాలంలో మా ఆయన నన్ను ఉల్లాసపరచాలని సినిమాకి తీసుకెళ్ళాడు. అది కూడా ఇలాంటి సినిమాయే, హాస్టలు, గోడ దూకడం, పాటలు. సగంలో బయటికి పరుగెత్తి మెట్ల పక్కన వాంతి చేసుకున్నాను. మా ఆయన కంగారుపడి వీపు నిమిరి, “నలభై దాటాక ఇదేం కబురే!” అన్నాడు, సిగ్గుపడుతూ, సగం సంబరంగా. ఆ మొహం చూసి వాంతి మధ్యలో నవ్వొచ్చింది నాకు. మంచి మనిషి. పోయి తొమ్మిదేళ్ళు. నోరు మూసుకో అన్నది కూడా ఆ మంచి మనిషే, నా మంచి కోసమే అన్నాడు, ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయో నాకు ఇప్పటికీ తెలియదు.

తెర మీద మేడమ్ వాళ్ళ ప్రేమ కనిపెట్టేసింది. కళ్ళజోడు, కోపం, ప్రేమ తెలియని ముసలిది అని చూపించడానికి ఆమెకి బూడిదరంగు బట్టలు కట్టారు. పిల్ల ఏడుస్తోంది, అందంగా, ముక్కు కారకుండా. సారు గేటు దగ్గర వానలో నిలబడ్డాడు. ముందు వరస ఆవిడ ముక్కు చీదుకుంది. చిట్టి చెయ్యి పాప్‌కార్న్ పొట్లంలోనే ఆగిపోయింది, పెదాలు కదులుతున్నాయి, ఆ సారు మాట్లాడుతున్న మాటలే లోపల అనుకుంటోందేమో, ఎప్పుడు నేర్చుకుంది, పాటల్లో విందా, లేక ఎవరైనా ముందే ఆ మాటలు దీనితో అన్నారా? ‘ప్రపంచం ఒప్పుకోదు, అందుకే మన మధ్యే ఉండనీ’ అంటున్నాడు తెర మీద. ఎంత తెలివి. చదువు చెప్పడానికి పాఠం తయారు చేసుకున్నట్టు ఈ సినిమా చూసి రమ్మన్నాడు. ఇంటి దగ్గర పాఠం చదివి రా, మిగతాది నేను చెబుతా.

నేను ఆ చీటీలు ఇరవై దాకా మోశాను, ఒకటి మాత్రం మోయలేదు. ఆ పిల్ల వెళ్ళిపోయిన మర్నాడు ఉతకడానికి తీసిన చొక్కా జేబులో ఉంది అది, పైన నలభై ఏడు, పెట్టడానికి మూట లేదు. దిక్కులేని వస్తువులన్నీ వేసే బొత్తాల డబ్బాలో వేశాను, ఉద్యోగం మానేసినప్పుడు డబ్బా నాతోనే వచ్చింది. మా ఆయన పోయాక గ్రంథాలయం వెనక గదిలో ఒక రిటైరైన నర్సమ్మ పెద్దవాళ్ళకి చదువు చెబుతుంటే వెళ్ళి చేరాను. అందరూ ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగింది ఆవిడ. ఒకామె మందుల సీసా మీద చదవడానికంది, ఒకాయన మనవడి ముందు పరువు కోసమన్నాడు. నేను ఊరికే అన్నాను. ఆరు నెలలకి ఆ చీటీ తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. అన్నేళ్ళూ నా లోపల ఒక ఆశ ఉండేది, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది, ఏమో, నిజంగా ఇష్టపడ్డాడేమో, వయసు తప్పైనా మనసు మంచిదేమో, అలాగైతే నేను మోసింది అంత చెడ్డది కాదేమో అని. అరగంట పట్టింది చదవడానికి. ‘ఆదివారం రాలేదు. నీ పరీక్ష పేపర్లు నా దగ్గరే ఉన్నాయని మర్చిపోకు. ఎవరితో అన్నా తప్పు నీదే అంటారు.’ అంతే ఉంది. ప్రేమ అన్న మాట లేదు, పువ్వు లేదు, చందమామ లేదు. లెక్కల మాస్టారు లెక్కే రాశాడు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఉత్తరం అది.

సినిమాలో పిల్ల గేటు వైపు పరుగెడుతోంది. హాలంతా ఈలలు. ఈసారి వాంతికి కాదు, చిట్టి చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాను.

“అమ్మా, కూర్చోండి! క్లైమాక్సు!” వెనకనుంచి ఒక ముసలాయన.

“మీరు చూడండి బాబూ. మాకు బస్సుంది.”

“అమ్మమ్మా! ఇంకా పది నిమిషాలే,” అంది చిట్టి, నేను దాని చెయ్యి వదల్లేదు. మోకాళ్ళు, బూట్లు, ఎవరివో సంచులు దాటుకుంటూ బయటపడ్డాం. వరండాలో ఒకామె నేల తుడుస్తోంది, తడి నేల మీద మా అడుగులు పడినందుకు నా వైపు ఓ చూపు చూసింది. చిట్టి చెయ్యి విదిలించుకుంది. కళ్ళల్లో నీళ్ళు, కోపం.

“చివర్లో ఏమవుతుందో కూడా చూడనివ్వవా?”

“ఏమవుతుందో నేను చెప్తా,” అన్నాను. గోడ పక్క బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. ఎర్ర దారం, నీలం దారం, చీటీలు, నమిలిన అంచులు, గంజి, అన్నీ. గొంతు ఎక్కడా తగ్గించలేదు, నేల తుడిచే ఆమె గుడ్డ బకెట్లో వేసి అలాగే నిలబడి వింది. చెబుతున్నంతసేపూ చిట్టి నా మొహం చూడలేదు. లోపల నుంచి పాట వినబడుతూనే ఉంది. అయిపోయాక అడిగింది.

“అయితే ఆమెని పంపించేశారా? ఆయన్ని కాదా?”

“ఆమెనే.”

“మరి నేనెందుకు చెప్పాలి?” అంది చిన్నగా. “చెప్తే నన్నే పంపిస్తారు. నాకు మా స్కూలంటే ఇష్టం అమ్మమ్మా. నా ఫ్రెండ్స్ అక్కడే ఉన్నారు. నాటకంలో నాది పెద్ద వేషం.”

కాపాడదామని చెప్పిన కథ దీనికి నోరు మూసుకోమని నేర్పింది. ఎంత సూటిగా పట్టుకుంది పిల్ల! జవాబో కాదో తెలియకుండానే అన్నాను.

“ఆ పిల్ల తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పాల్సినదాన్ని నేనే ఉన్నాను, ఉతుకుతూ కూర్చున్నాను. నిన్నెందుకు మానిపిస్తానే? నువ్వు బడికి వెళ్తావు. నేనూ వస్తాను ఈ బస్సుకే. రేపు పొద్దున మీ పెద్ద మేడమ్ గది ముందు కూర్చుంటాను.”

“నువ్వొచ్చి ఏం చేస్తావ్?”

“లోపలికి రానిచ్చేదాకా కూర్చుంటాను. నాకు కూర్చోవడం బాగా వచ్చు.”

“బట్టలు?”

“నీ నైటీ ఒకటి ఇవ్వు.”

“నీకు పట్టదు,” అంది. నవ్వబోయి ఆపుకుంది. “మా సారు అలాంటాయన కాకపోతే? నువ్వు ఊరికే గొడవ చేసినదానివవుతావు.”

“కాకపోతే మంచిదేగా. ఆయన నీకేమైనా రాసి ఉంటే, అవి మీ మేడమ్ చదివితే ఆయనకొచ్చే నష్టమేముంది?”

చిట్టి లేచి సంచి భుజాన వేసుకుని నా ముందే బస్టాండుకి నడిచింది. దారిలో వాళ్ళమ్మకి ఫోన్ చేశాను, చిట్టిని దింపడానికి నేనూ వెళ్తున్నాను, దిగాక అంతా చెప్తాను, నువ్వు రేపు సెలవు పెట్టి పొద్దున్నే రా అన్నాను. నా గొంతు విని ఎందుకని అడగలేదు అది. వస్తానంది. బస్సులో చిట్టి కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటేదాకా బయటికే చూసింది. సెలవల్లో మాత్రమే వాడుకునే ఫోను, వాళ్ళమ్మ పాతది, సంచిలో అడుగున ఉంటే వెతికి తీసింది, ఏవేవో నొక్కి నా ఒళ్ళో పెట్టింది.

“నేను చదివి వినిపించను. నువ్వే చదువుకో.”

ఆ సారు పంపిన మెసేజీలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకున్నాను. బస్సు కుదుపులకి అక్షరాలు గెంతుతున్నాయి, వేలు పెట్టి ఒక్కొక్కటీ పట్టుకున్నాను. ‘ఈ బడిలో నన్ను అర్థం చేసుకునేది నువ్వొక్కదానివే.’ ఇది మొదటిది. నా చదువు నెమ్మది, ఒక వాక్యం అయ్యేలోపు ఫోను దీపం ఆరిపోతోంది, ఎలా వెలిగించాలో నాకు తెలియదు. ఆరినప్పుడల్లా చిట్టి కిటికీ వైపు నుంచి మొహం తిప్పకుండానే చెయ్యి చాపి, వేలితో తాకి, మళ్ళీ వెలిగించింది. మూడు గంటలూ అలాగే. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

రాసినది, లాండ్రీ ఆయమ్మ. వయసు అరవై నాలుగు. ప్రస్తుతం మా మనవరాలి బడికి రెండు వీధుల అవతల, టైలరు కొట్టు మీద గదిలో ఉంటున్నాను. ఆదివారాలు అది భోజనానికి వస్తుంది. తడి తువ్వాలు నా కుర్చీ మీద పడేసి పోతుంది.